పక్కింటి పాపకు మాటలొచ్చేశాయి... మరి మన బాబుకో?

మీ బాబుకు ఏడాదిన్నర నిండిందా? 'అమ్మ', 'అత్త', 'బువ్వ' తప్ప ఇంకో మాట పలకడం లేదా? వాడికన్నా రెండు నెలలు చిన్నదైన పక్కింటి పాప మాత్రం "తాత ఊరికి పోయిండు" అని గలగలా చెప్పేస్తోందా? అయితే ఈపాటికి మీకు నిద్ర పట్టకుండా చేసేవాళ్ళు నలుగురైనా తయారై ఉంటారు. మా ముడిమ్యాలలో అయితే కిరాణా కొట్టు దగ్గర, అంగన్‌వాడీ గుమ్మంలో, చేవెళ్ళ పోవడానికి ఆటో కోసం నిలబడ్డ చోట, ఎక్కడైనా ఒకటే ప్రశ్న. "ఇంకా మాటలొస్తలేవా నీ కొడుక్కి? మా మనుమడైతే ఏడాదికే అన్నీ మాట్లాడిండు."

అడిగేవాళ్ళకు మన మీద ప్రేమే ఉండవచ్చు. కానీ ఆ మాట తిరిగి తిరిగి చివరికి వచ్చి పడేది తల్లి నెత్తి మీదే. "నువ్వు వాడితోటి మాట్లాడవు, ఎప్పుడూ పనే", "మీ పుట్టింటి దిక్కు ఎవరికైనా నత్తి ఉందా?", "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసినవా ఏంది?" అంటూ మొదలుపెడతారు. పాపం, ఆ పిల్ల తల్లి రాత్రంతా కొడుకు నోటి వంకే చూస్తూ కూర్చుంటుంది.

అందుకే ఈ సంగతి కాస్త వివరంగా రాయాలనిపించింది. మాటలు ఆలస్యమైన పిల్లలందరి గురించీ భయపడనక్కరలేదు. అలాగని అందరి విషయంలోనూ "వాడే మాట్లాడతాడులే" అని ఊరుకోవడానికీ లేదు. ఎవరి గురించి నిశ్చింతగా ఉండవచ్చో, ఎవరిని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలో తెలుసుకోవడానికి మనం నోటి వంక చూస్తాం గానీ, అసలు చూడవలసింది చెవి వంక, వేలు వంక. అదెలాగో చెబుతాను.

ముందు ఈ తేడా ఎంతవరకు సహజమో చూద్దాం. అమెరికాలో 1,800 మందికి పైగా చిన్న పిల్లల తల్లిదండ్రులను అడిగి, ఏ నెలలో ఎన్ని మాటలు వచ్చాయో లెక్క కట్టి 1994లో ప్రకటించారు. 16 నెలల పిల్లల్లో కొందరికి పది మాటలు కూడా లేవు. అదే 16 నెలల వయసులో ఇంకొందరు నూట యాభైకి పైగా మాటలు పలికారు! అందరూ ఆరోగ్యంగా ఉన్న పిల్లలే. అంతకుముందు రోజర్ బ్రౌన్ అనే ఆచార్యుడు ఆడం, ఈవ్, సారా అని పేర్లు పెట్టి ముగ్గురు పిల్లల మాటలను ఏళ్ళ తరబడి రాయించి, 1973లో పుస్తకం వేశాడు. రెండేళ్ళు దాటిన కొద్ది నెలలకే ఈవ్ పలికినంత పొడుగు వాక్యాలు పలకడానికి మిగతా ఇద్దరికీ ఇంకో ఏడాదికి పైనే పట్టింది. అయినా ముగ్గురూ చక్కగా మాట్లాడే పిల్లలయ్యారు.

అంత దూరం ఎందుకు? ఒకే తల్లి పిల్లల్లోనే చూడండి. నాకు ఇద్దరు. పెద్దది ఏడాది తిరిగేసరికే 'అవ్వ', 'తాత', 'కాక' అంటూ వాడకట్టంతా వరసలు కలిపేసింది. చిన్నవాడు రెండేళ్ళ వరకూ "ఊఁ" అనడం, వేలు చూపించడం తప్ప మరొకటి ఎరగడు. అదే ఇల్లు, అదే అమ్మ, అదే తిండి. ఆడపిల్లలకు మగపిల్లల కన్నా సగటున నెలా రెండు నెలలు ముందుగా మాటలు రావడం మామూలే. కవల పిల్లలకు కొంచెం ఆలస్యమవుతుంది. రెండో బిడ్డ కోసం పెద్ద బిడ్డ మాట్లాడేయడం కూడా ఉంటుంది. "తమ్ముడికి నీళ్ళు కావాలంట" అని అక్క చెప్పేస్తుంటే తమ్ముడికి నోరు విప్పే అవసరమేముంది?

పుస్తకాల్లోనూ ఆసుపత్రి గోడల మీదా ఉండే పట్టికలను చూసి బెంగపడే చదువుకున్న తల్లులకు ఒక మాట. 'ఫలానా నెలకు ఫలానా మాట' అని పాత పట్టికల్లో రాసినవి చాలావరకు సగటు లెక్కలు. అంటే నూరు మందిలో యాభై మంది ఆ వయసుకు ఆ పని చేస్తారన్నమాట. మరి మిగతా యాభై మంది? వాళ్ళ తల్లులందరూ కళ్ళనీళ్ళు పెట్టుకోవాలా? ఈ ఇబ్బంది చూసే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2022లో తన పట్టికను మార్చింది. నూరింట డెబ్బై అయిదుగురైనా చేరుకునే వయసునే ఇప్పుడు అందులో రాస్తున్నారు. దాని ప్రకారం 15 నెలలకు అమ్మా నాన్నా అనడం కాక ఒకటి రెండు మాటలకు ప్రయత్నం, ఏడాదిన్నరకు మూడు మాటలు, రెండేళ్ళకు 'అమ్మ రా', 'పాలు కావాలి' లాంటి జంట మాటలు, రెండున్నరేళ్ళకు యాభై మాటల దాకా రావాలి. పక్కింటి పాపతో కాకుండా, పోల్చుకుంటే దీనితో పోల్చుకోండి.

అమ్మ, అక్క, అత్త, బువ్వ

మన తెలుగు పిల్లల తొలి మాటలను ఎప్పుడైనా గమనించారా? అమ్మ, అక్క, అత్త, అవ్వ, బువ్వ, బొమ్మ, కుక్క. అన్నీ ఒత్తక్షరాల మాటలే! మిగిలినవి తాత, పాప, కాక, జేజ, లాల లాంటివి, పలికిన అక్షరాన్నే మళ్ళీ పలికేవి. పసినోటికి తేలికగా ఉండే మాటలనే మన పెద్దవాళ్ళు వరసలకు, తిండికి, దేవుడికి పెట్టుకున్నారా అనిపిస్తుంది నాకు.

రెండు మూడు నెలలకు 'ఉంగా ఉంగా' అంటారు. ఆరేడు నెలలకు 'బబబ', 'తతత', 'మమమ' మొదలవుతాయి. 'తతత' వినపడగానే తాతగారు "నన్నే పిలుస్తున్నాడు" అని ఊరంతా చెప్పుకొస్తారు. ఆయన సంతోషం మనమెందుకు కాదనాలి గానీ, నిజానికి అప్పటికి వాడు ఎవరినీ పిలవడం లేదు, నోటికి కసరత్తు చేస్తున్నాడంతే. ఏడాది అటూ ఇటూగా, ఒకే మాటను ఒకే మనిషికో వస్తువుకో వాడితే అది తొలి మాట.

పెదవులతో పలికే ప, బ, మ, పళ్ళ దగ్గర పుట్టే త, ద, న ముందుగా వస్తాయి. 'ర' చాలా ఆలస్యం. 'రైలు'ను 'లైలు' అన్నా, 'చీర'ను 'చీల' అన్నా రెండు మూడేళ్ళ పిల్లల్లో అది లోపం కాదు. ముద్దుగా ఉందని మనమూ 'లైలు' అనకుండా, "అవును, రైలు వచ్చింది" అని సరిగా పలికి ఊరుకుంటే చాలు. "ఏదీ, మళ్ళీ అను, ర... ర..." అని చుట్టాల ముందు పరీక్ష పెట్టకండి. అలా పెడితే ఉన్న మాటలు కూడా మింగేస్తారు.

వస పోస్తే మాటలొస్తాయా?

ఎక్కువ మాట్లాడేవాళ్ళను 'వసపిట్ట' అంటాం. "చిన్నప్పుడు వస బాగా పోశారా?" అని ఎగతాళి చేస్తాం. నిజంగానే మన ఊళ్ళలో వసకొమ్మును సాన మీద అరగదీసి, తేనెలో కలిపి పసిపిల్లల నాలుకకు రాయడం ఇప్పటికీ ఉంది. మన పెద్దవాళ్ళ మీద నాకు గౌరవమే గానీ, ఈ ఒక్కటి మాత్రం వద్దంటాను. వసలో ఉండే ఒక పదార్థం మంచిది కాదని అమెరికాలో 1968లోనే దాన్ని తినే వస్తువుల్లో కలపకుండా నిషేధించారు. వస పట్టించాక పసిపిల్లలు వాంతులతో ఆసుపత్రి పాలైన సంగతులు మన దేశంలో డాక్టర్లే రాశారు. తేనె కూడా ఏడాది లోపు పిల్లలకు పెట్టకూడదు. అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి పసికందులకు ప్రమాదకరం.

చిలక కొట్టిన జామపండు తినిపిస్తే మాటలొస్తాయంటారు. శుభ్రంగా కడిగిన మంచి పండు పెట్టండి, ఒంటికి బలం. చిలక ఎంగిలి మాత్రం వద్దు. మాటలు రాకముందు అద్దం చూపిస్తే మూగవాళ్ళవుతారన్నది మరో భయం. అద్దంలో తన మొహం చూసుకుని కేరింతలు కొట్టే పిల్లాడికి వచ్చే నష్టమేమీ లేదు. పైగా "ముక్కేదీ? చెవులేవీ?" అని ఆడించడానికి అద్దాన్ని మించినది లేదు.

నాలుక కింద నరం అంటుకుపోయిందని, దాన్ని కోయిస్తే మాటలొస్తాయని కొందరు తొందరపెడతారు. నాలుక సరిగా ఆడకపోతే కొన్ని అక్షరాలు స్పష్టంగా పలకకపోవచ్చు. పాలు తాగడానికి ఇబ్బంది ఉండవచ్చు. అంతేగానీ మాటలు అసలు రాకపోవడానికి అది కారణం కాదు. డాక్టరు చూసి చెప్పకుండా ఎవరి చేతా కోయించకండి.

చెవి సంగతి

ఇక అసలు విషయానికి వస్తాను. రెండేళ్ళ పిల్లల్లో నూటికి పది పదిహేను మందికి మాటలు ఆలస్యంగానే వస్తాయి. వాళ్ళలో సగానికి పైగా పిల్లలు బడికి పోయే వయసుకు మిగతావాళ్ళను అందుకుంటారు. ఇలా అందుకునే పిల్లల్లో సాధారణంగా కనిపించే గుర్తు ఏమిటంటే, వాళ్ళు మాట్లాడకపోయినా మనం చెప్పింది అర్థం చేసుకుంటారు. "చెప్పులు తే" అంటే తెస్తారు. "నాన్న ఏడీ?" అంటే గుమ్మం వైపు చూస్తారు. కావలసిన దాన్ని వేలితో చూపిస్తారు, చూపించి మన మొహం వంక చూస్తారు. ఆకాశంలో విమానం పోతుంటే "నువ్వూ చూడు" అన్నట్లు చూపించడం ఉంది చూశారూ, అది మాటకు అన్నలాంటిది. ముందు అన్న వస్తే వెనకే తమ్ముడూ వస్తాడు.

ఏడాదిన్నర నాటికి వేలితో చూపించడం లేకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, కళ్ళలోకి చూడకపోయినా, అంతకుముందు వచ్చిన మాటలు పోయినా, మాటల కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. పిల్లల డాక్టరుకు చూపించండి. ముఖ్యంగా ఉన్న మాటలు పోతే ఒక్క వారం కూడా ఆగవద్దు.

అన్నింటికన్నా ముందు చూడవలసింది వినికిడి. మాకు తెలిసిన ఇంట్లో ఒక పాప ఉండేది. చూడచక్కని పిల్ల. ఆరు నెలల వరకూ అందరి పిల్లల్లాగే ఉంగాలు కొట్టింది. రెండేళ్ళు దాటినా మాటల్లేవు. తల్లికి అనుమానం వచ్చి అడిగితే, "చెవులు లేకనేం? పళ్ళెం కింద పడితే ఉలిక్కిపడతలేదా?" అన్నారు ఇంట్లో. "దీని తాతకు కూడా మూడేళ్ళకే మాటలొచ్చినయి" అన్నారు. మూడేళ్ళు దాటాక అంగన్‌వాడీ టీచరు గమనించింది. ఎదురుగా నిలబడి పిలిస్తేనే పాప పలుకుతోంది, వెనక నుంచి పిలిస్తే లేదు. పరీక్ష చేయిస్తే రెండు చెవులూ సరిగా వినపడడం లేదని తేలింది. మిషన్ పెట్టాక, మాటల శిక్షణ ఇప్పించాక ఇప్పుడు పాప మాట్లాడుతోంది. కానీ పోయిన మూడేళ్ళను తిరిగి తేవడానికి ఆ తల్లి పడిన పాట్లు నేను చూశాను.

ఇందులో తెలుసుకోవలసినవి ఉన్నాయి. పుట్టు చెవుడున్న పిల్లలు కూడా మొదటి నెలల్లో ఉంగాలు కొడతారు. కాబట్టి అది చూసి నిశ్చింతగా ఉండకూడదు. పళ్ళెం చప్పుడుకు ఉలిక్కిపడడం కూడా రుజువు కాదు. పెద్ద చప్పుళ్ళు వినబడి, మామూలు మాట వినబడని పిల్లలుంటారు. నేల అదురు తెలిసి తిరిగే వాళ్ళూ ఉంటారు. ఇంట్లో చూడాలంటే, పిల్లాడు ఆటలో ఉన్నప్పుడు వాడికి కనపడకుండా, నీడ కూడా పడకుండా వెనక నిలబడి, మామూలు గొంతుతో పేరు పెట్టి పిలవండి. నాలుగైదుసార్లు వేరువేరు రోజుల్లో చూడండి. అనుమానం ఉంటే ఆసుపత్రి పరీక్షే దారి. ఇంటి పరీక్షలో నెగ్గాడు కదా అని, మాటలు రాని పిల్లాడికి అసలు పరీక్ష మానేయవద్దు.

మన వైపు మేనరికాలు ఎక్కువ. మేనరికపు పిల్లల్లో పుట్టు చెవుడు వచ్చే అవకాశం మిగతావాళ్ళ కన్నా ఎక్కువ. ఇది ఎవరినీ తప్పు పట్టడానికి రాయడం లేదు, ఆ ఇళ్ళలో పరీక్ష తొందరగా చేయించుకుంటారని రాస్తున్నాను. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, పుట్టగానే పచ్చకామెర్లు బాగా ముదిరినవాళ్ళు, మెదడుకు సోకే జ్వరాలు వచ్చినవాళ్ళు కూడా తప్పక చేయించుకోవాలి. చెవి కారే పిల్లలకు వినికిడి వస్తూ పోతూ ఉంటుంది. ఆ చెవిలో నూనె పోయకండి, పిన్నీసుతో తిప్పకండి.

పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలలకల్లా లోపం ఉందో లేదో తేల్చడం, ఆరు నెలలకల్లా చికిత్స మొదలు. డాక్టర్లు పెట్టుకున్న గడువు ఇదీ. ఆరు నెలల లోపు లోపం బయటపడిన పిల్లలకు, ఆ తరువాత బయటపడిన వాళ్ళకన్నా భాష ఎంతో బాగా వచ్చిందని అమెరికాలోని కొలరాడోలో జరిగిన పరిశీలన 1998లో చెప్పింది. పరీక్షంటే భయపడకండి. నిద్రపోతున్న పిల్లాడి చెవిలో చిన్న గొట్టం పెట్టి చేస్తారు, సూది లేదు, నొప్పి లేదు.

ఎక్కడికి పోవాలి అంటారా? 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లల్ని చూస్తాయి. వాళ్ళు చూసే లోపాల జాబితాలో వినికిడీ, మాటల ఆలస్యమూ రెండూ ఉన్నాయి. ఆ రోజు ఎప్పుడో టీచరును అడిగి తెలుసుకుని, పొలం పని ఉన్నా సరే, పిల్లాడిని తీసుకుని మీరే వెళ్ళండి. ఎందుకంటే మీరు చెప్పకపోతే, బుద్ధిగా కూర్చున్న పిల్లాడికి చెవుడుందని ఎవరికి తెలుస్తుంది? మా వైపు వాళ్ళు చేవెళ్ళ ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని, అవసరమైతే హైదరాబాదులో కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రికి పోవచ్చు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ వారి కేంద్రం ఉంది. వినికిడి, మాట, రెండూ చూస్తారు. మిషన్లకూ ఆపరేషన్లకూ ప్రభుత్వ పథకాలున్నాయి. ఖర్చుకు భయపడి ఇంట్లో కూర్చోకుండా ముందు అడగండి.

ఫోను, రెండు భాషలు, వంటిల్లు

అన్నం తినడం లేదని ఫోను చేతికివ్వడం ఇప్పుడు పల్లెల్లోనూ మామూలైపోయింది. ఫోనులో పాటలొస్తాయి, మాటలొస్తాయి, పిల్లాడికి కూడా వస్తాయనుకుంటాం. కానీ ఫోను వాడి మాట వినదు, వాడు ఆగితే ఆగదు, వాడు నవ్వితే నవ్వదు. ఏడాది లోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంట మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండేళ్ళ దాకా అసలు వద్దని మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం అంటుంది.

రెండు భాషల వల్ల పిల్లాడు తికమకపడి మాట్లాడడం లేదని కొందరంటారు. మా చేవెళ్ళ, మొయినాబాదు వైపు ఇంట్లో లంబాడీ, బయట తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు ఉన్నవాళ్ళున్నారు. పిల్లలు రెండూ చక్కగా నేర్చుకుంటున్నారు. రెండు భాషలు మాటల్ని ఆపవు. కాకపోతే లెక్కపెట్టేటప్పుడు రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టాలి. ఇంకో సంగతి, రేపు ఇంగ్లీషు మీడియంలో వేయాలని ఇప్పటి నుంచే పిల్లాడితో రాని ఇంగ్లీషు మాట్లాడకండి. మీకు ధారాళంగా వచ్చిన భాషలోనే మాట్లాడండి.

ఎప్పుడు మాట్లాడాలి, తీరికెక్కడిది అంటారేమో. వేరే తీరిక అక్కరలేదు. చిక్కుడుకాయలు తుంచుతూ "ఇది చిక్కుడుకాయ, ఇదిగో గింజ, గింజ చేతిలో పెట్టనా?" అనండి. క్యారెట్లు కడుగుతూ, బంతిపూలు దండ గుచ్చుతూ చేసే పనే చెప్పండి. గింజలు నోట్లోనో ముక్కులోనో పెట్టుకోకుండా మాత్రం కనిపెట్టి ఉండండి. లాల పోస్తూ చెయ్యి, కాలు, వీపు అని పేర్లు చెప్పండి. ప్రశ్న అడిగాక ఆగండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగండి. మనం ఆ పని చేయం! అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, మన ఇళ్ళలో అడగకముందే పెట్టేస్తాం. వాడు గ్లాసు వంక చూడగానే నీళ్ళు నోటి దగ్గరుంటాయి. కాసేపు ఆగి "ఏం కావాలి? నీళ్ళా? పాలా?" అంటే, వాడు 'నీ' అన్నా చాలు, "నీళ్ళు కావాలా, ఇదిగో నీళ్ళు" అని ఇవ్వండి. రాత్రిపూట అవ్వ చెప్పే కథకు ఊఁ కొట్టడం కూడా మాటల్లో వంతు తీసుకోవడమే. వాడి ఊఁ కోసం అవ్వను కూడా ఆగమనండి.

చివరగా ఒక చిన్న పని. వంటింట్లో పాల లెక్క రాసే క్యాలెండరు ఉంటుంది కదా, అందులోనే పిల్లాడు కొత్తగా పలికిన మాటను ఆ తేదీ గడిలో రాయండి. డాక్టరు దగ్గరకు పోతే మొదట అడిగేది "ఎన్ని మాటలొచ్చాయి? ఎప్పుడొచ్చాయి?" అనే. కంగారులో మనకు ఒక్కటీ గుర్తుండదు. సరిగా పలకలేదని కొట్టివేయవద్దు. నీళ్ళను ఎప్పుడూ 'మమ్మ' అనే అంటే అదీ ఒక మాటే. కుక్కను 'భౌ' అన్నా లెక్కలోకే వస్తుంది. మనం అనిపించగా అన్నవి కాకుండా వాడంతట వాడు అన్నవే రాయండి. వేలితో చూపించడం మొదలైన రోజు కూడా రాయడం మరవకండి.